కట్ట ఎక్కని కాళ్ళు

బోర్లా పడుకుంటే లోకమంతా కాళ్ళే. రొయ్యల గుంట కట్ట మీద మేత బస్తాలు వేసుకునే షెడ్డులో, నులకమంచం మీద, ఛాతీ కింద ఒక దిండు, కడుపు కింద ఒక దిండు పెట్టుకుని మెడ పక్కకు తిప్పి పడుకున్న వినీలకు, వాకిటికి కట్టిన టార్పాలిన్ పట్ట కింది జానెడు సందే కిటికీ. అందులోంచి కట్ట కనిపిస్తుంది, ఎండకు పెచ్చులు కట్టిన ఉప్పు కనిపిస్తుంది, ఎవరైనా నడిస్తే వాళ్ళ మడమలూ వేళ్ళూ కనిపిస్తాయి. ఆ పైన మనిషి ఎట్లా ఉన్నాడో ఊహించుకోవాల్సిందే. పూటకో గంట ఇట్లా పడుకోవాలని ఫోన్లో డాక్టరమ్మ చెప్పింది. నిదానంగా గాలి పీల్చండి, వార్తలు చూడకండి, వాట్సాప్ చూడకండి, మంచి సంగతులు తలుచుకోండి, మనసు కుదురుగా ఉంటే సగం జబ్బు పోయినట్టేనమ్మా. ఆమె ఎవరో వినీల చూడలేదు. రోజూ ప్రభుత్వం వాళ్ళ నంబరు నుంచి చేస్తుంది, గొంతు వింటే చిన్నపిల్లలా ఉంది, ఒక్కోసారి మాట మధ్యలో ఆమే దగ్గి సారీ అంటుంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం వినీలకు బడిలో పడిన అలవాటు. ఆవిరి పట్టమంటే పట్టింది, గుడ్డు తినమంటే రుచి తెలియకపోయినా మింగింది, ఇప్పుడు మంచి సంగతులు తలుచుకోమంటే తలుచుకుంటుంది. వేలికి తగిలించిన ఆక్సిజన్ మిషను తొంభై రెండు చూపిస్తోంది. అదొక మంచి సంగతి. ఇంకోటి కావాలి.

నిమ్మకాయల వాసన. గూడూరు మార్కెట్లో బస్తాలు మోసి మోసి నాన్న హజరత్తయ్య ఒంటికి ఆ వాసన పట్టేసింది, సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా కొయ్యకు తగిలిస్తే గదంతా పుల్లగా, పచ్చగా మారిపోయేది, ఆ చొక్కా కింద కూర్చునే ఆమె బీఎస్సీ దాకా చదివింది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పాసయిన రోజు నాన్న ఆమెను మార్కెట్‌కు తీసుకుపోయి తూకం వేసే కాటా పక్కన నిలబెట్టి, మా పాప, సైన్సు, అని అందరికీ చూపించాడు, వాళ్ళు కూడా ఏదో కొత్త రకం కాయను చూసినట్టు తలలూపారు. వాసన ఎట్లా ఉండేది మరి? చొక్కా నీలిరంగు గుర్తుంది, చంకల దగ్గర ఉప్పు చారలు గుర్తున్నాయి, వాసన మాత్రం అందడం లేదు. నిన్న క్యారియర్లో వచ్చిన నిమ్మకాయ ఊరగాయ ముక్కను ముక్కుకు ఆనించుకుని చూసింది, చల్లగా తగిలింది, అంతే. ముక్కులో పోయిన వాసన తలపులో కూడా పోతుందా, డాక్టరమ్మను అడగాలి, వద్దు, ఆమెకు ఇంకా ఎంతమందికి ఫోన్లు చెయ్యాలో ఏమో.

టక్. గుంట నీళ్ళకు గాలి పట్టించే నాలుగు ఏరియేటర్లలో ఒకదానికి రెక్క విరిగింది. మిగతా మూడూ నీళ్ళను చిలుకుతూ ఒకే హోరు పెడుతుంటే అది మాత్రం తిరిగి తిరిగి ఒకచోటికి రాగానే టక్‌మంటుంది. బావ కొత్త రెక్క తెస్తానని నెల్లూరు పోయాడు. కాదు, రెక్క కోసం పోలేదు, రెక్క కోసం పోవాలనుకున్న రోజే జ్వరం వచ్చింది, ఆ తర్వాత ఊపిరాడక ఆస్పత్రికి పోయాడు. పెంచలకృష్ణ మొగుడు కాకముందు నుంచే బావ, సొంత మేనత్త కొడుకు. ముత్తుకూరులో ఆక్వా ల్యాబులో గుంటల నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెకు వచ్చినప్పుడు మొదటి సీసా తనదేనని తెచ్చి బల్ల మీద పెట్టినవాడు. ఆమె పరీక్ష చేసి, "ఏం సామీ, నీ రొయ్యలకి ఊపిరాడ్డంలా, తెల్లారేతలికి అంచులకొచ్చి నోళ్ళు తెరస్తాయి చూడు," అంటే, "నిన్ను చూసినప్పుడు నాకూ అట్నే అవతాది, నాకేం మందు రాస్తావు?" అన్నాడు. పక్క బల్ల దగ్గర అమ్మాయిలు నవ్వారు. ఇది మంచి సంగతే, కానీ ఇందులో కూడా ఊపిరాడకపోవడమే ఉంది. తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గిపోయినప్పుడు గుంట అంచున వేలకు వేలు మీసాలు పైకి లేస్తాయి, చప్పుడుండదు, రొయ్యకు అరవడం రాదు. తలుచుకోకూడదు. పీల్చు. వదులు. తొంభై ఒకటి.

ఆయన ఆస్పత్రికి పోయిన మర్నాడే ఆమెకూ వచ్చింది. ఉన్నది రెండు గదుల ఇల్లు, అందులో అత్త, కూతురు సుప్రియ, మరిది మధుబాబు. దూరంగా ఉండమంటే ఎక్కడుండాలి? అత్త ఆదిశేషమ్మే గుంట షెడ్డు గుర్తుచేసింది, గాలి బాగా తగలతాది, ఏరియేటర్ల గాలి మంచిదంటారు, అంది. ఏరియేటరు గాలిని నీళ్ళలోకి తోస్తుందే కానీ మనుషులకు ఇవ్వదత్తా అని వినీల చెప్పలేదు, ఆ రోజు చెప్పే ఓపిక లేదు, తర్వాత మాత్రం మంచాన్ని నీళ్ళ వైపుకే జరుపుకుంది. ఆస్పత్రి నుంచి బావ ఒక్కసారి వీడియో కాల్ చేశాడు. ముక్కూ నోరూ కలిపి మాస్కు, మాట రాలేదు, కళ్ళు మాత్రం గుంట మీద పేచీ పెట్టుకున్నప్పటిలాగే ఉన్నాయి. చెయ్యి ఎత్తి అరచెయ్యి పైకి చూపించి, దోసె తిప్పినట్టు కిందికి తిప్పాడు. అర్థం కాలేదనుకుని మళ్ళీ తిప్పాడు. బోర్లా పడుకో. అర్థమైంది బావా అంటే, నిజంగానా అన్నట్టు మూడోసారి తిప్పాడు. ఆ తర్వాత లోపలి వార్డుకు మార్చారు, అక్కడ ఫోను ఇవ్వరు. అప్పటి నుంచి ఆయన మాటలన్నీ మధు నోటితోనే. అన్న గంజి తాగినాడంట వదినా. అన్న నిన్నటికన్నా మేలంట. అన్న నిన్ను అడిగినాడంట. రోజూ ఈ మూడే. పొద్దున కూడా మధు ఫోన్లో ఇదే చెప్పాడు, ముందు గంజి, తర్వాత మేలు, తర్వాత అడగడం, ఎప్పుడూ అదే వరసలో, పద్యం అప్పజెప్పినట్టు.

మధు కాళ్ళు మంచి సంగతి. మధ్యాహ్నం మేత వేళకు వచ్చేస్తాయి. కుడి మడమ మీద సైలెన్సరు కాలిన మచ్చ, వేళ్ళ మధ్య బురద, కట్ట కింద చెప్పులు విడిచి ఎక్కే వట్టి కాళ్ళు. టార్పాలిన్‌కు రెండు బారల దూరంలో ఆగి, "వదినా, మిషను ఎంత చూపిస్తా ఉండాది?" అని అడిగి, ఆమె చెప్పాక, "ఇంకేం, నాకన్నా నీకే ఎక్కువుంది, నా వేలికి పెట్టి చూస్తే బీరు తాగినప్పటి నంబరు చూపించింది," అని ఏదో ఒకటి అని, బొచ్చెలో మేత పోసుకుని తెప్ప ఎక్కుతాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా ఆమె కొంగు పట్టుకుని సినిమాకు డబ్బులడిగే మరిది. అవిగో కాళ్ళు. వస్తున్నాయి. ఉప్పు పెచ్చులు చిట్లుతున్నాయి.

ఎడమకాలు బొటనవేలి మీదకు పక్కవేలు ఎక్కి ఉంది. మధు కాళ్ళు కావు. పక్క గుంటలో పనిచేసే చిన్నపోలయ్య కాళ్ళు.

"ఏం పోలయ్యా, నువ్వొచ్చినావే?"

కాళ్ళు ఆగిపోయాయి. "మధన్న చల్లమన్నాడమ్మా. ఆయనకి పని పడిందంట."

"ఏం పని?"

"నాకేం తెలుసమ్మా." ఒక కాలు ఇంకో కాలి మీద ఎక్కి గోక్కుంది. "మీకెట్టుండాదమ్మా?"

"బాగుండాది. మేత కొంచెం తగ్గించి చల్లు, ఎండ ఎక్కువగా ఉంది."

"అట్నేనమ్మా."

కాళ్ళు పోయాయి. బస్తా మూతి విప్పిన చప్పుడు, మేత బొచ్చెలో జారిన చప్పుడు. చిన్నపోలయ్య ఎప్పుడు కనబడినా, ఏమమ్మా మీ రొయ్యలు మా వాటికన్నా బలిసినాయి, వాటికి గూడా డిగ్రీ చెప్తా ఉండారా, అనకుండా కదిలేవాడు కాదు. ఇవాళ కట్ట మీద ఎవరికో నిద్రాభంగం అవుతుందన్నట్టు అడుగులో అడుగేసి పోయాడు. కూలి మనిషి చేత మేత వేయించడం బావకు గిట్టదు, చెయ్యి మారితే మేత మారుతుందంటాడు, తను ఊళ్ళో ఉంటే తను, లేకపోతే తమ్ముడు. ఇద్దరూ చల్లకుండా పోలయ్య చల్లింది ఒక్కసారే. పోయినేడు. అప్పుడు బావ వాళ్ళ దాయాదుల్లో ఎవరో పెద్దాయన పోయాడు, ఇంటిపేరు వాళ్ళందరికీ మైల వచ్చింది. మైల ఉన్నవాళ్ళు గుంట కట్ట ఎక్కకూడదు, నీడ కూడా నీళ్ళ మీద పడకూడదు, పడితే తెల్లమచ్చ రోగం తగిలి పంటంతా పోతుంది. ఈ పక్కన గుంటలున్న వాళ్ళందరిదీ అదే మాట, లక్షల రొయ్యపిల్లల్ని వేసినవాడు దేన్నయినా నమ్ముతాడు. మైల తీరేదాకా బావ రోడ్డు పక్క తూము మీద కూర్చుని, ఫోన్లో పోలయ్యకు చెప్పి మేత వేయించాడు. వినీల టిఫిను తీసుకుని పోయి తూము మీదే పక్కన కూర్చుంది.

"రొయ్యలకేం తెలుసు బావా, ఎవరి దాయాది పోయినాడో?"

"నీ ల్యాబులో మైల కొలిచే మిషను ఉండాదా?"

"లేదు."

"మరి లేనప్పుడు మూసుకో. మిషను వచ్చినాక చెప్పు, దిగతా."

నవ్వుకున్నారు. ఇడ్లీ తిన్నారు. అది మంచి సంగతి, నిజంగా మంచి సంగతి, దాన్ని ఇంకొంచెంసేపు తలుచుకుంటే బాగుండేది, తూము మీద చల్లటి సిమెంటు, ఆయన తొడకు తగులుతున్న తన మోచెయ్యి, కాలువలో కొంగ. కానీ ఆ తలపు వెనక ఇంకో తలపు నిలబడి ఉంది, టార్పాలిన్ వెనక మనిషి నిలబడినట్టు, కాళ్ళు మాత్రమే కనిపిస్తూ.

మధుకు పని పడి ఉంటుంది. మందుల కోసం నెల్లూరు పోయి ఉంటాడు. వాడికే జ్వరం వచ్చి ఉంటుంది, తనకు చెబితే భయపడుతుందని దాచి ఉంటారు, అట్లయినా పరవాలేదు, చిన్నవాడు, తట్టుకుంటాడు. లేకపోతే దాయాదుల్లోనే ఇంకెవరో పోయి ఉంటారు, ఈ నెల్లో ఎవరు పోవడం లేదు గనక, కృష్ణపట్నంలో నాటుమందు తీసుకుంటామని బయల్దేరిన వాళ్ళు సగం దారిలో పోయారని కూడా చెప్పుకుంటున్నారు. కానీ దూరపు వాళ్ళయితే ఎందుకు చెప్పరు? చెబుతారు. మొన్న వీధి చివర టైలరు పోతే అత్త ఫోన్లో చెప్పింది, పాపం ఇంతలేసి పిల్లలు అంది. దూరపు చావులు చెప్పుకునేవే. అత్తకేమన్నా అయిందా? లేదు, పొద్దున అత్త మాట్లాడింది. గొంతు బాగానే ఉంది. మరీ బాగుంది. "తిన్నావా అమ్మా, గుడ్డు పంపినాను, తిను, నువ్వు తినాల, పాపకి నువ్వుండాల," అంది. పాపకి నువ్వుండాల. అప్పుడు ఆ మాట చెవి పక్క నుంచి పోయింది, ఇప్పుడు తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆ గొంతును ఇంతకుముందెక్కడో విన్నది. ఆ నునుపును.

గూడూరులో, తన పెళ్ళిలో. పందిట్లో పీటల మీద కూర్చుని ఉంటే అత్త పక్క నుంచి వచ్చి తల్లో పూలు సర్ది, నవ్వుతూ, ఎంత బాగుండావే అంది. అప్పటికే పెదనాన్న పోయాడని ఫోను వచ్చి ఉంది. నాన్నకు అన్న, అత్తకు తోడబుట్టినవాడు. తాళి కట్టి, తలంబ్రాలు అయ్యేదాకా ఆ సంగతి అత్త ఒక్కతే కడుపులో పెట్టుకుని తిరిగింది, అందరికీ తాంబూలాలు ఇచ్చింది, ఫొటోలో కూడా నవ్వుతూ నిలబడింది. తర్వాత తెలిసి వినీల అడిగితే, ఎట్టత్తా అంత ఓర్చుకున్నావు అంటే, "చెవిన పడితేనే కదమ్మా మైల. మీ నాయన చెవిన పడేదాకా ఆయనకి మైల లేదు, కన్యాదానం చెయ్యొచ్చు. చెవిన పడిందాన్ని నేను, అందుకే పీటల పక్కకి రాకుండా అంచున తిరిగినా," అంది. అంచున తిరిగింది నిజమే. పూలు సర్దింది కూడా వంగి, చెయ్యి చాచి.

చెవిన పడేదాకా మైల లేదు. అందుకే తనను ఇంకా ఈ కట్ట మీదే ఉంచారు. మధుకు చెవిన పడింది, అందుకే కట్ట ఎక్కలేదు. తనకు పడలేదు.

పీల్చు. పీల్చు. గాలి గొంతు దగ్గరకు వచ్చి అక్కడ నిలబడిపోయింది, లోపలికి రానంటోంది. మిషను ఎనభై తొమ్మిది అంది. తప్పయి ఉంటుంది, వేళ్ళు చల్లబడితే తప్పు చూపిస్తుంది, డాక్టరమ్మ చెప్పింది, వేలు రుద్దుకుని మళ్ళీ పెట్టండి. రుద్దుకుంది. నువ్వు చదువుకున్నదానివి, ఒక కూలి మనిషి కాళ్ళు చూసి మొగుడు పోయాడనుకుంటావా, సైన్సు చదివావు, రుజువు కావాలి. రుజువు లేదు. టక్. రుజువు లేదు. టక్. అప్పుడు రోడ్డు మీద బండి వచ్చి ఆగింది. ఆ బండి చప్పుడు ఆమెకు తెలుసు, సైలెన్సరు పగిలి దగ్గుతుంది, డిగ్రీ పరీక్షలకు బావ తనను కూర్చోబెట్టుకుని తీసుకుపోయిన బండి, ఇప్పుడు మధు తిప్పుతున్నాడు. ఆగింది. ఆఫ్ అయింది. కాళ్ళ కోసం చూసింది. ఉప్పు పెచ్చులు చిట్లలేదు. ఎవరూ కట్ట ఎక్కలేదు.

దిండు కింద ఫోను మోగింది. మధు.

"వదినా, ఎట్టుండాది?"

"బాగుండాది. నువ్వేడుండావు?"

"నేనా? నెల్లూరులో ఉండా వదినా. ఆస్పత్రి దగ్గరే. మేతకి పోలయ్యని పంపినా, చల్లినాడా?"

అతని మాట వెనక హోరు వినిపిస్తోంది. బస్సుల హోరు కాదు, జనం హోరు కాదు. నీళ్ళను చిలుకుతున్న హోరు. ఆ హోరులో టక్. ఒకసారి ఫోన్లో, ఒకసారి బయట గుంటలో, రెండూ రెప్పపాటు తేడాతో. టక్, టక్. నెల్లూరు ఆస్పత్రి దగ్గర రెక్క విరిగిన ఏరియేటరు తిరుగుతోంది. లేచి టార్పాలిన్ ఎత్తితే చాలు, కట్ట కింద తూము మీద మరిది కనిపిస్తాడు, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంటాడేమో, ఆ తువ్వాలు కింద జుట్టు ఉంటుందో ఉండదో కూడా కనిపిస్తుంది. రెండు చేతులూ మంచం పట్టెను పట్టుకున్నాయి. లేవాలి. లేచి అరవాలి, రేయ్ మధూ, అబద్ధాలకు కూడా చోటు చూసుకోవాలి కదరా. అరిస్తే చెప్పేస్తాడు. వాడికి దాచడం రాదు, పాపం, సినిమాకు పోయి ట్యూషన్‌కు పోయానని చెప్పినప్పుడు కూడా టికెట్టు ముక్క జేబులోనే పెట్టుకుని వచ్చేవాడు. చెప్పాక తను ఏడుస్తుంది. ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది, దగ్గు వస్తుంది, ఎనభై తొమ్మిది ఎనభై అవుతుంది, అంబులెన్సు దొరకదు, దొరికినా ఆస్పత్రిలో మంచం దొరకదు, సుప్రియ రెండు జడలు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంటుంది. పాపకి నువ్వుండాల. కొడుకును పోగొట్టుకున్న గొంతుతోనే అత్త గుడ్డు తినమని చెప్పింది. ఎప్పుడు పోయాడు? నిన్న రాత్రా, తెల్లవారుజామునా? పొద్దున గంజి తాగినాడంట అనేటప్పటికేనా? దహనానికి ఎవరు పోయారు, ప్లాస్టిక్ సంచీలోంచి మొహం చూపించారా, ఆ అరచెయ్యి ఎటు తిప్పి ఉంది, పైకా కిందికా?

"వదినా? ఉండావా?"

"ఉండా."

"మాట్లాడలేదే?"

"గాలి పీలస్తా ఉండా. డాక్టరమ్మ చెప్పిందిలే, మాట్లాడే ముందు పీల్చమని." దిండును పళ్ళతో కరిచి పట్టుకుని వదిలింది. "మధూ."

"చెప్పు వదినా."

"అన్న దగ్గరే ఉండావు కదా."

టక్. టక్.

"ఆ. ఈడనే ఉండా."

"లోపలికి పోయే నర్సమ్మ ఎవరన్నా ఉంటే అన్నకి ఒక మాట చెప్పమను. నేను బోర్లానే పడుకుని ఉండానని చెప్పు. చెప్పినట్టే చేస్తా ఉండానని చెప్పు. అది తెలీక ఆయన మళ్ళా మళ్ళా చెయ్యి తిప్పుతా ఉంటాడు."

కట్ట అవతల, ఫోన్లో కాదు, బయటే, తూము దగ్గర, నోట్లో తువ్వాలు కుక్కుకున్న మనిషి చేసే చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. అది ఫోన్లోకి రాలేదు. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటాడు.

"చెప్తా వదినా," అన్నాడు. గొంతు సరిచేసుకున్నాడు. "నువ్వు లేవబాక. అట్నే పడుకో."

"లేవనులే."

ఫోను పెట్టేశాడు. ఆమె మొహాన్ని దిండులోకి దించుకోలేదు, దించుకుంటే గాలి ఆడదు, డాక్టరమ్మ మొహం పక్కకే పెట్టమంది. కన్నీళ్ళు ఒక కంట్లోంచి ముక్కు మీదుగా రెండో కంట్లోకి పారి అక్కడ నుంచి నులక మీదకు జారాయి, ఎవరూ తుడవలేదు, ఆమె కూడా తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే మిషను ఊడిపోతుంది. ఈ కట్ట మీద ఇప్పుడు అందరికన్నా పెద్ద మైల తనదే. చెవిన ఎవరూ వెయ్యలేదు, వెయ్యరు, తను అడగదు, రొయ్యలు పెరుగుతాయి, పట్టుబడి రోజు లారీ వస్తుంది. టక్‌మన్నప్పుడు పీల్చింది. మళ్ళీ టక్‌మనేదాకా లోపల ఉంచింది. వదిలింది. పోలయ్య కాళ్ళు తిరిగొచ్చి, మేత బొచ్చె బోర్లించి, అడుగులో అడుగేసుకుంటూ కట్ట దిగిపోయాయి. సందులో మళ్ళీ ఉప్పు మిగిలింది, దాని మీద ఎండ మిగిలింది. గంట ఇంకా కాలేదు. రోడ్డు మీద బండి స్టార్టవుతుందేమోనని వింటూ పడుకుంది, అది స్టార్టవలేదు.